బోర్డు మీద ‘మెస్’ అని ఉంటే తప్పా?

ప్రశ్న: అయ్యా, మేము గుంటూరు బ్రాడీపేటలో పందొమ్మిదేళ్ళుగా మెస్ నడుపుతున్నాం. కోచింగ్ పిల్లలు, ఊరుగాని ఊరొచ్చిన ఉద్యోగులు నెల కార్డు మీద తింటారు. ప్యూర్ వెజ్. మా అమ్మాయి విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. బోర్డు పాతబడింది, కొత్తది రాయిద్దాం, పనిలో పనిగా ఫుడ్ డెలివరీ యాప్‌లో కూడా పెడదాం అనుకున్నాం. తను ‘మెస్’ అనే మాట తీసేయమంటోంది. ఇంగ్లీషులో మెస్ అంటే చిందరవందర, మురికి అని డిక్షనరీ తెరిచి చూపించింది. హాస్టల్లో ఎవరో నవ్వారట. ‘రెస్టారెంట్’ అని పెట్టమంటుంది. మా ఆయన ‘భోజన హోటల్’ అంటారు. పందొమ్మిదేళ్ళ పేరు పోతుందేమోనని నాకు టెన్షన్. పెయింటరుకు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. తిండి పెట్టే చోటుకు మురికి అనే మాట ఎలా వచ్చింది? ఏం చేయమంటారు?

తా.క.: ఇప్పటి బోర్డు మీద కింద ‘హోమ్లీ ఫుడ్’ అని ఉంది. అది ఉంచొచ్చా? ఇంకొకటి, ‘మెస్’ అనాలా ‘మెస్సు’ అనాలా?

సమాధానం: అమ్మా, ముందు పెయింటరుకు ఫోన్ చేసి ‘మెస్’ అన్న మాట కదపొద్దని చెప్పండి. అడ్వాన్స్ తీసుకున్న పెయింటరు మనం తేల్చుకునేదాకా ఆగడు. మిగతాది తీరిగ్గా చదవండి. సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసినప్పుడు తనకీ వినిపించండి.

మీ అమ్మాయి చెప్పింది అబద్ధమేం కాదు. ఇవాళ్టి ఇంగ్లీషులో ఎవరైనా గదిలోకి తొంగిచూసి ‘వాట్ ఎ మెస్’ అన్నారంటే అన్నం పెట్టమని కాదు, గది సర్దమని. మనమూ ‘ప్లానంతా మెస్సప్ అయింది’ అంటూనే ఉంటాం. కాకపోతే తను డిక్షనరీలో మొదటి లైను దగ్గరే ఆగిపోయింది. పిల్లలు వాడే డిక్షనరీలు చాలావరకు ఈ రోజుల్లో జనం ఎక్కువగా వాడే అర్థాన్ని ముందు వేస్తాయి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పెద్ద డిక్షనరీ, ఇరవై సంపుటాలది, అలా చేయదు. ఏ అర్థం ముందు పుట్టిందో దాన్ని ముందు పెట్టుకుంటూ వస్తుంది. ఆ లెక్కన మెస్ అన్న మాటకు మొదట వచ్చేది తిండి. చిందరవందర, మురికి ఎక్కడో ముని మనవల వరసలో వస్తాయి.

మాట పుట్టిల్లు లాటిన్. ‘మిత్తెరే’ అంటే పంపడం. అందులోంచి వచ్చింది ‘మిస్సుస్’, పంపినది అని. లాటిన్ చివరి రోజుల్లో ఈ మాటను భోజనాల దగ్గర వాడటం మొదలైంది. వంటింట్లోంచి బల్ల మీదికి పంపిన వంటకం, అంటే ఒక వడ్డన అన్నమాట. అది పాత ఫ్రెంచిలో ‘మెస్’ అయింది. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ వంటకాన్ని ‘మె’ అంటారు, చివరి హల్లులు మింగేసి. సుమారు 1300 ప్రాంతంలో అది ఇంగ్లీషులో కనిపిస్తుంది. ఇక్కడ ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న రోజులవి. అప్పుడు ఇంగ్లీషులో ఆ మాటకున్న అర్థం ఒక పూటకు సరిపడా తిండి.

మీ వంటింటికీ హాలుకీ మధ్య ఒక కిటికీ ఉండే ఉంటుంది. లోపలినుంచి పప్పు గిన్నె, కూర గిన్నె, పచ్చడి బేసిన్ ఒక్కొక్కటే గట్టు మీదికి తోస్తారు, ఇవతలినుంచి వడ్డించే అబ్బాయి అందుకుంటాడు. ఆ తోయడమే మిత్తెరే, తోసిన గిన్నే మిస్సుస్. రెండు వేల ఏళ్ళ నాటి లాటిన్ క్రియ మీ ఇంట్లో రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు జరుగుతోంది.

గుంటూరులో చర్చికి వెళ్ళే ఇళ్ళలో దీనికో మంచి ఉదాహరణ దొరుకుతుంది. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో, ఆదికాండం 43వ అధ్యాయంలో, ఐగుప్తులో పెద్ద అధికారి అయిన యోసేపు తన అన్నదమ్ములకు భోజనం పెట్టే ఘట్టం ఉంది. తన ఎదుటినుంచి వాళ్ళకు ‘మెస్‌లు’ పంపించాడనీ, చిన్నవాడు బెన్యామీను మెస్ మిగతావాళ్ళ దానికి ఐదింతలనీ అక్కడ రాశారు. తెలుగు బైబిల్లో అదే చోట ‘వంతులు’ అని ఉంటుంది. పంపడం, మెస్, రెండూ పక్కపక్కనే ఒకే వాక్యంలో పడ్డాయి చూడండి. అనువదించినవాళ్ళు కావాలని చేశారనుకోను, మాట నైజం అలాంటిది. ఆకలికి ఆగలేక ఏశావు తన జ్యేష్ఠత్వాన్నే తమ్ముడికి అమ్ముకున్న కథ కూడా ఇంగ్లీషువాళ్ళ నోట్లో ‘మెస్’ తోనే నానింది. ఒక మెస్ పులుసు కోసం వారసత్వం వదులుకున్నాడు అని వాళ్ళకో నానుడి. తెలుగులో అది చిక్కుడుకాయల వంటకం అయింది.

తర్వాత మాట ఒక మెట్టు జరిగింది. తిండి పేరు కాస్తా, కలిసి తినేవాళ్ళ పేరయింది. పాతకాలపు ఇంగ్లండులో పెద్ద విందుల్లో మనిషికో పళ్ళెం ఉండేది కాదు. కొంతమందికి కలిపి ఒక వడ్డన, మామూలుగా నలుగురికి. ఆ నలుగురినీ కలిపి ‘మెస్’ అనేవారు. షేక్స్‌పియర్ కాలానికి మెస్ అంటే ‘నలుగురు’ అని చెప్పకనే అర్థమయ్యేది. మనవాళ్ళు పేకాటకు చెయ్యి తగ్గిందని నాలుగోవాణ్ణి లాక్కొచ్చినట్టు, మెస్‌కు ఒకరు తగ్గితే ఎవరినో ఒకరిని పిలిచేవారు.

అలా పిలిపించుకున్నవాళ్ళలో గాంధీగారు ఒకరు. లండన్‌లో లాయర్లను తయారుచేసే పాత సంస్థల్లో నలుగురు నలుగురుగా కూర్చుని తినడం ఇప్పటికీ ఆచారం, ఆ నలుగురి పేరు ఇప్పటికీ మెస్సే. గాంధీగారు 1888లో అక్కడ ఇన్నర్ టెంపుల్‌లో చేరారు. బారిస్టర్ కావాలంటే పరీక్షలు రాస్తే చాలదు, టర్ముకు ఇరవై నాలుగు దాకా డిన్నర్లు ఉంటే కనీసం ఆరింటికైనా వెళ్ళి కూర్చోవాలి. అలాంటి టర్ములు పన్నెండు. నలుగురికి కలిపి రెండు సీసాల వైన్ ఇచ్చేవారట. ఈయన ముట్టరు కాబట్టి ఆ రెండు సీసాలూ మిగతా ముగ్గురికే. అందుకని మా దగ్గర కూర్చో అంటే మా దగ్గర కూర్చో అని తనకు భలే గిరాకీ ఉండేదని ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. ప్యూర్ వెజ్ మనిషికి మెస్‌లో అంత గిరాకీ అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ వచ్చి ఉండదు. మీ అమ్మాయికి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

నలుగురి మెస్ సైన్యంలోకి, ఓడల్లోకి వెళ్ళి పెద్దదైంది. కలిసి తినే జట్టు మెస్, వాళ్ళు తినే చోటూ మెస్సే. దొరల దండుతో పాటు ఆఫీసర్స్ మెస్ మన కంటోన్మెంట్లలో దిగింది. అక్కడినుంచి కాలేజీ హాస్టళ్ళకు, హాస్టళ్ళ నుంచి బ్రహ్మచారుల గదుల దాకా పాకింది. కలకత్తాలో ‘మెస్‌బాడీ’లు (బాడీ అంటే బెంగాలీలో ఇల్లు), తమిళనాట వీధివీధినా మెస్‌లు, మన బ్రాడీపేట లైన్లలో మీరు. ఇప్పటికీ మన సైన్యంలో అధికారులు కోట్లు తొడుక్కుని, చెంచాల చప్పుడు రానీయకుండా భోంచేసే హాలు పేరు మెస్. అంతకంటే శుభ్రమైన చోటు వెతికినా దొరకదు. మీ అమ్మాయి స్నేహితురాళ్ళలో ఎవరి నాన్నగారైనా ఆర్మీలో ఉంటే, ఆ పిల్ల మాత్రం నవ్వి ఉండదు.

మరి మురికి ఎక్కడ అంటుకుంది? అదీ వంటింటి వెనకాలే. తిండి అన్న అర్థం మెల్లగా ఒలికిపోయి, పలచగా జారుడుగా ఉండే తిండి, అన్నీ కలిపేసిన తిండి అయింది. 18వ శతాబ్దానికి పశువులకు పెట్టే కలగలుపు దాణాను కూడా మెస్ అనడం మొదలుపెట్టారు. మన కుడితి తొట్టి తలుచుకోండి. పొద్దుటి గంజి, బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పైన గుప్పెడు తవుడు. గేదెకు అది విందు, మనకు చూడబుద్ధి కాదు. ఆ చూడబుద్ధి కాకపోవడంలోంచి పుట్టింది కొత్త అర్థం. 1830లు వచ్చేసరికి ఇంగ్లీషులో మెస్ అంటే కలగలిసిపోయిన గందరగోళం కూడా అయింది. ఇల్లు చిందరవందరగా, మురికిగా ఉండటం అనే అర్థం ఆ శతాబ్దం మధ్యలో గానీ రాలేదు. అంటే మీ బోర్డు మీదున్న అర్థం వందల ఏళ్ళ పాతది, మీ అమ్మాయి చూపించింది నిన్నగాక మొన్నటిది.

ఇది ఇంగ్లీషువాళ్ళకే పట్టిన జాడ్యం కాదు. మనమూ అచ్చంగా ఇదే దారిలో నడిచాం. లెక్కలన్నీ కలిసిపోతే ‘కలగాపులగం’ అంటాం. అందులో ఉన్నది పులగమే కదా, బియ్యం పెసరపప్పు కలిపి వండి, నెయ్యి వేసి దేవుడికి పెట్టేది! నాలుగు పార్టీలు కలిస్తే ‘కిచిడీ ప్రభుత్వం’ అంటాం. అయినా పులగం వండటం మానామా? రాత్రి పొద్దుపోయి ఇంటికొస్తే కిచిడీయే దిక్కు. ఇక ‘కంపు’ సంగతి చూడండి. పాత కావ్యాల్లో కంపు అంటే వాసనే, పూల సువాసన కూడా. కన్నడంవాళ్ళకు ఇప్పటికీ కంపు అంటే పరిమళమే. మనం దాన్ని కాలవ గట్టున పడేశాం. మాటకు మెట్లు దిగడం వచ్చినంత తేలిగ్గా ఎక్కడం రాదు.

ఇంకో ముచ్చట చెప్పి మీ బోర్డు దగ్గరికి వస్తాను, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ లాటిన్ ‘మిత్తెరే’ సంతానం అంతా ఇంతా కాదు. దూరదేశం పంపితే మిషన్. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి పెట్టిన లూథరన్ మిషన్‌లో ఉన్నది అదే మాట. కుట్టు మిషన్‌తో మాత్రం దానికి చుట్టరికం లేదు, అది మెషీన్, గ్రీకువాళ్ళ సంతతి. కబురు పంపితే మెసేజ్. ఆకాశంలోకి విసిరితే మిస్సైల్. కాలేజీలోకి పంపితే అడ్మిషన్, ఉద్యోగంలోంచి పంపేస్తే డిస్మిస్. పర్మిషన్, ప్రామిస్, ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. మన మిర్చి యార్డులో బస్తాకింతని పట్టుకునే కమీషన్ కూడా. హాస్టళ్ళలో ‘మెస్ కమిటీ’ అని ఉంటుంది చూశారూ, అందులో రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే. సాంబారు నీళ్ళలా ఉందని కొట్టుకునే ఆ కమిటీ కుర్రాళ్ళకు ఈ సంగతి తెలియదు.

గుణదల కొండ మీద దివ్యబలిపూజను ఇంగ్లీషులో మాస్ అంటారు. లాటిన్‌లో పూజ ముగించేటప్పుడు ఇక వెళ్ళిరండి అని పంపించే మాటలో ‘మిస్సా’ ఉంది, పూజకు ఆ పేరు దాన్నిబట్టే వచ్చింది. క్రిస్మస్‌లో చివరిముక్క అదే. కానీ మన సినిమావాళ్ళ ‘మాస్ హీరో’లో ఉన్న మాస్ వేరు. అది గ్రీకులో బార్లీ రొట్టె, లాటిన్‌లో పిసికిన పిండిముద్ద, తర్వాత ముద్దలా పోగయినది ఏదైనా, చివరికి జనసమూహం. థియేటర్ దగ్గర ఈలలేసే కుర్రాళ్ళకు మీరు పిండిముద్దలోంచి వచ్చారు అని చెబితే ఏమంటారో గానీ, మాట మాత్రం వంటింటిదే.

సరే, బోర్డు. మెస్ బదులు పెట్టాలనుకుంటున్న మాటలను కూడా అదే డిక్షనరీలో ఒకసారి తిరగేద్దాం. రెస్టారెంట్ అంటే ఫ్రెంచిలో మొదట చోటు కాదు, ఒంట్లో సత్తువ తిరిగి తెచ్చేది అని. 18వ శతాబ్దపు పారిస్‌లో నీరసపడ్డవాళ్ళకు పోసే మాంసం రసం పేరు అది. ఆ రసం అమ్మే అంగళ్ళకు తర్వాత ఆ పేరు స్థిరపడింది. ప్యూర్ వెజ్ మెస్‌కు మాంసం రసం పేరు పెడతారా? హోటల్ అంటే ఇంగ్లీషులో గది అద్దెకిచ్చే చోటు. తిండి మాత్రమే పెట్టేదాన్ని కూడా హోటల్ అనడం మన వైపు అలవాటు. హోటల్, హాస్టల్, హాస్పిటల్ మూడూ అన్నదమ్ములు, అతిథి అనే లాటిన్ మాటకు పుట్టారు. మీ ఆయన చెప్పిన ‘భోజన హోటల్’ నాకు నచ్చింది, కానీ అది వినగానే లుంగీ కట్టుకున్న సర్వర్, బిల్లు చెక్క, గల్లాపెట్టె గుర్తొస్తాయి, నెల కార్డు గుర్తుకు రాదు. క్యాంటీన్ అందామంటే అది ఇటలీలో వైన్ దాచుకునే నేలమాళిగ. ఇలా తవ్వుకుంటూ పోతే ఏ బోర్డూ మిగలదమ్మా.

మన తెలుగు మాటే పెట్టుకుందాం అంటారా? మెస్‌కు మన దగ్గర అచ్చమైన పేరు ఒకటి ఉంది, మీకూ తెలుసు, కానీ ఉత్తరంలో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. పూటకూళ్ళ ఇల్లు. పూటకు కూడు. 1300 నాటి ఇంగ్లీషు మెస్‌కు అక్షరాలా ఇదే అర్థమని పైన చెప్పాను కదా, ఒక పూటకు సరిపడా తిండి. ఇంత చక్కగా కుదిరిన జోడీ నాకు ఇంకోటి తెలియదు. ‘క్రీడాభిరామం’ అనే పాత తెలుగు కావ్యంలో ఓరుగల్లు చూడవచ్చిన ఇద్దరు స్నేహితులకు లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే భోజనం చదివితే నోరూరుతుంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. రేటు బోర్డు సహా మెనూ అంతా పద్యంలో ఉంది.

అలాంటి మాట కూడా మెట్లు దిగింది. కూడు అనడమే మోటు అయిపోయింది. వండి అమ్ముకునే ఆడవాళ్ళను, అందులోనూ భర్త పోయినవాళ్ళను, ఊరు చిన్నచూపు చూసింది. ఆ చూపంతా పూటకూళ్ళమ్మ అన్న పేరుకు అంటుకుంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారికి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోతే, తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. నలుగురూ తక్కువగా చూసే పనే. ఆ అబ్బాయే తర్వాత లండన్ వెళ్ళి, ఆ డిన్నర్లన్నీ తిని బారిస్టరయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. మీ అమ్మాయి సెలవులకు గుంటూరు వస్తూ ఎప్పుడైనా విజయవాడ బ్యారేజీ మీదుగా వస్తే, ఆ బ్యారేజీ పేరేమిటో అడగండి.

ఇంకో సంగతి కూడా నాకు తోస్తోంది. మనవాళ్ళు పూటకూళ్ళ ఇల్లు అనలేక మెస్ అన్నారు. ఇప్పుడు మీ అమ్మాయి మెస్ అనలేక రెస్టారెంట్ అంటోంది. నవ్విన పిల్లలు నవ్వింది మాటను చూసే అయితే ఈ జవాబుతో సరిపోతుంది. వండి పెట్టే పనిని చూసి అయితే బోర్డు మార్చినా నవ్వుతారు. అది ఏదో అమ్మాయిని మీరే మెల్లగా అడగండి, ఉత్తరాన్నిబట్టి నేను చెప్పలేను.

నా సంగతీ చెప్పాలి, లేకపోతే పక్షపాతం దాచినట్టవుతుంది. డిగ్రీ చదివే మూడేళ్ళూ నేను అరండల్‌పేటలో ఒక మెస్‌లో తిన్నాను. అట్టముక్క కార్డు, దాని మీద ముప్పై గడులు, పూటకో గడిలో పెన్సిల్ టిక్కు. నడిపే ఆవిడ అన్నం మధ్యలో గరిటె వెనకభాగంతో గుంట చేసి, అందులో ముద్దపప్పు వేసి, ఆ పప్పులో మళ్ళీ చిన్న గుంట చేసి నెయ్యి పోసేది. పక్కన గోంగూర పచ్చడి, మీద ఎర్రగా వేగిన ఒక ఎండుమిరపకాయ, ఎవరి పళ్ళెంలో వాళ్ళకు. పరీక్షల నెలలో నా గడులు ముందే నిండిపోయాయి, డబ్బు రాలేదు. ఆవిడ కార్డు తిప్పి వెనకవైపు పెన్సిల్‌తో గీతలు గీసి మళ్ళీ గడులు చేసింది. కాబట్టి మెస్ అన్న మాట మీద నా తీర్పు అంత నిష్పాక్షికం కాదు, ఆ మేరకు తగ్గించుకుని చదువుకోండి.

ఇక చేయాల్సింది. తెలుగులో ‘మెస్’ అని పెద్దక్షరాలతో ఉంచండి. పందొమ్మిదేళ్ళుగా పిల్లలు తల్లిదండ్రులకు ఫోన్‌లో చెప్పుకునే పేరు అదే, ఆటోవాడికి చెప్పే గుర్తూ అదే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసే లైనులో, యాప్‌లో మాత్రం ఒంటరిగా మెస్ అని వదలకుండా పక్కన ‘వెజ్ మీల్స్’ అని చేర్చండి. ఢిల్లీ నుంచో విదేశం నుంచో వచ్చినవాళ్ళు తడబడకుండా ఉంటారు, వెతికినప్పుడు మీల్స్ అని కొట్టినవాళ్ళకూ దొరుకుతారు. అమ్మాయి మాట కూడా కొంత నెగ్గినట్టుంటుంది.

‘హోమ్లీ ఫుడ్’ దగ్గర మాత్రం నేను అమ్మాయి పక్షమే, తను ఇంకా ఆ లైను డిక్షనరీలో చూడకపోవడం మీ అదృష్టం. ఇంగ్లండువాళ్ళకు హోమ్లీ అంటే ఇంట్లో ఉన్నట్టు హాయిగా, సాదాగా అని. అమెరికావాళ్ళు ఒక మనిషిని హోమ్లీ అంటే అందంగా లేదని మర్యాదగా చెప్పడం. మన దేశంలో పెళ్ళి ప్రకటనల్లో ‘హోమ్లీ గర్ల్ కావాలి’ అని వేస్తుంటారు, అమెరికా సంబంధాలకు కూడా! తిండి విషయంలో కొంప మునగదు గానీ, అదే ఖాళీలో ‘ఇంటి భోజనం’ అని తెలుగులో రాయించండి. ఎవరూ డిక్షనరీ తియ్యరు.

‘మెస్’ అనాలా, ‘మెస్సు’ అనాలా అని అడిగారు. తెలుగు మాట చివర హల్లు నిలబడటానికి ఇష్టపడదు, అందుకే బస్ మనకు బస్సు అయింది, క్లాస్ క్లాసు అయింది. ఆ లెక్కన మా తరం మెస్సు అన్నది, మెస్సులో తిన్నది. ఇప్పటి పిల్లలు మెస్ అంటున్నారు, విభక్తి చేర్చేసరికి వాళ్ళ నోటా ‘మెస్సుకి’ అనే వస్తోంది. రెండూ తప్పు కాదు. పెయింటరు అక్షరానికింత అని లెక్క కడుతుంటే ‘మెస్’ అనే రాయించండి.